సవరణ: ఫ్యాన్ తిరిగినంత మాత్రాన పవర్ సప్లై బాగున్నట్టు కాదు

గేమ్ మధ్యలో పీసీ ఆగిపోతుంటే, పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్ కనెక్టర్‌లోని ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో పేపర్ క్లిప్ పెట్టి కలిపి చూడమనీ, ఫ్యాన్ తిరిగితే తప్పు గ్రాఫిక్స్ కార్డుదేననీ గత పోస్టులో రాశాను. అది తప్పు. కార్డు మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లు కాస్త ఆగండి.

ఆ పరీక్షలో తెలిసేది పవర్ సప్లై యూనిట్ ఆన్ అవుతుందా లేదా అన్నదొక్కటే. లోడ్ పడినప్పుడు అది నిలబడుతుందో లేదో దానితో తేలదు. గేమ్ నడిచేటప్పుడు కార్డు లాగే కరెంటు క్షణకాలం పాటు సగటు కంటే చాలా పైకి ఎగురుతుంది. ఇంటెల్ డిజైన్ గైడ్ ప్రకారం, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే పవర్ సప్లై ప్రమాణంలో 450 వాట్లు దాటిన, కొత్త 16 పిన్ కనెక్టర్ ఉన్న యూనిట్లు 100 మైక్రోసెకన్ల పాటు తమ వాట్ల సామర్థ్యంలో 200 శాతం లోడ్‌ను తట్టుకోవాలి. పాత యూనిట్లకు ఆ నిబంధన లేదు. పైగా తక్కువ లోడ్‌లో ఫ్యాన్ తిరగకుండా ఉండేలా చేసిన మోడళ్లున్నాయి కాబట్టి, ఫ్యాన్ ఆగి ఉన్నా యూనిట్ పాడైనట్టు కాదు.

విండోస్ లాగ్‌లో కనిపించే 'కెర్నల్ పవర్ 41' అనే ఎర్రర్ కూడా పవర్ సప్లై పాడైందనడానికి రుజువు కాదు. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం.

ముందు కార్డు పవర్ లిమిట్‌ను (అది గరిష్ఠంగా లాగే పవర్‌కు పెట్టే హద్దును) 70 శాతానికి తగ్గించి ఆడి చూడండి. ఆగిపోవడం తగ్గితే పవర్ సప్లై మీద అనుమానం పెరుగుతుంది, అంతే. తేల్చుకోవాలంటే బాగా పనిచేస్తున్న వేరే యూనిట్‌ను దాని సొంత కేబుళ్లతోనే పెట్టి చూడాలి.