ఆపద కోసమా, సౌకర్యం కోసమా?

ఓ నెగెటివ్ గ్రూపు రక్తం నిల్వలు అడుగంటాయి, దాతలు వెంటనే రావాలి అంటూ ఆస్పత్రులు మొర పెట్టుకోవడం మనకు కొత్త కాదు. సెలవులొస్తే ఒకసారి, ప్రమాదాలు పెరిగితే ఒకసారి, ఏ కారణమూ చెప్పకుండా మరోసారి. పిలుపు వినగానే పని మానుకుని వచ్చి చెయ్యి చాపే దాతకు మాత్రం ఒక సంగతి ఎవరూ చెప్పరు. ఆయన ఇచ్చిన రక్తం నెత్తురోడుతున్న గర్భిణికో, వేరే గ్రూపు సరిపడని ఓ నెగెటివ్ రోగికో చేరుతుందన్న పూచీ ఏమీ లేదు. ఆపరేషన్ అయ్యాక హిమోగ్లోబిన్ తగ్గిన ‘ఏ పాజిటివ్’ గ్రూపు మగ రోగికి, వార్డులో, పట్టపగలు, తాపీగా ఎక్కించేయొచ్చు. ఎందుకంటే ఆ బ్యాగు గడువు ఎల్లుండితో తీరిపోతుంది. ఆ రోగికి దానివల్ల హాని ఉండదు. నష్టపోయేది అదే వారం మరో ఆస్పత్రిలో ‘ఓ నెగెటివ్ లేదు’ అనిపించుకున్న మనిషి.

ఓ నెగెటివ్‌వి ఏ, బీ, ఆర్‌హెచ్ డీ యాంటిజెన్లు (గ్రూపును తేల్చే, కణాల మీది గుర్తులు) మూడూ లేని ఎర్రకణాలు కాబట్టి గ్రూపు తెలియని రోగికీ వీటిని ధైర్యంగా ఎక్కించవచ్చు. ఓ నెగెటివ్ వాళ్లకు మాత్రం ఎర్రకణాలు కావాలంటే తమ గ్రూపే దిక్కు. (ప్లాస్మా దగ్గర లెక్క తిరగబడుతుంది, అక్కడ అందరికీ పనికొచ్చేది ఏబీ. ఓ నెగెటివ్‌కు ‘విశ్వదాత’ బిరుదు ఇచ్చేవాళ్లు ఈ సంగతి తరచూ మరిచిపోతుంటారు.) బ్రిటన్ జనాభాలో ఓ నెగెటివ్ వాళ్లు సుమారు 8 శాతం. అక్కడి ఆస్పత్రులు తెప్పించుకునే రక్తంలో మాత్రం దాని వాటా దాదాపు రెట్టింపు. ఆసియా దేశాల్లో ఈ గ్రూపు ఇంకా అరుదు. ఆ అదనపు రక్తమంతా ఎవరి ఒంట్లోకి వెళుతోందన్నది మా ప్రశ్న.

‘రక్తం కారిపోతుంటే గ్రూపు చూస్తూ కూర్చోలేం, పొరబాటున వేరే గ్రూపు ఎక్కితే ప్రాణమే పోతుంది’ అని డాక్టర్లు అంటారు. నిజమే, ఆ మొదటి నిమిషాల గురించి ఎవరికీ తగాదా లేదు. నవజాత శిశువుల కోసం కొన్ని యూనిట్లు విడిగా ఉంచడాన్నీ ఎవరూ తప్పుపట్టరు. మా అభ్యంతరమల్లా ఆ మొదటి నిమిషాలు గంటలుగా, గంటలు అలవాటుగా మారిపోవడం మీదే.

శాంపిల్ ల్యాబ్‌కు చేరితే ఏబీఓ, ఆర్‌హెచ్ గ్రూపు తేలడానికి పావుగంట చాలు. దాత రక్తం రోగికి సరిపడుతుందో లేదో చూసే పూర్తి క్రాస్ మ్యాచ్‌కు ముప్పావుగంట, మహా అయితే గంట. అంటే రెండు మూడు ఓ నెగెటివ్ బ్యాగులు పూర్తయ్యేసరికి రోగి సొంత గ్రూపు రక్తం సిద్ధంగా ఉండాలి. మరి ఎందుకుండదు? శాంపిల్ తీయడం మరిచిపోతారు. తీసినా ట్యూబు మీద పేరు రాయరు, ల్యాబ్ తిప్పి పంపుతుంది. చాలా ఆస్పత్రుల్లో గ్రూపు ఖాయం చేయడానికి వేరుగా తీసిన రెండో శాంపిల్ కూడా కావాలి. అది వచ్చేదాకా ల్యాబ్ ‘ఓ’ గ్రూపు రక్తమే ఇస్తుంది. ఆ రెండో ట్యూబు డ్యూటీ మారే హడావుడిలో ట్రేలోనే ఉండిపోతుంది. ఇంకా ఘోరం, ‘ఓ’ గ్రూపు బ్యాగులు ఎక్కించాక శాంపిల్ తీస్తే అందులో రోగి కణాలు, దాత కణాలు కలిసిపోయి గ్రూపు స్పష్టంగా తేలదు. దాంతో మళ్లీ ఓ నెగెటివే. నర్సు ఒక ట్యూబు మీద రెండు పదాలు రాయనందుకు నాలుగు యూనిట్ల అరుదైన రక్తం ఖర్చు. ఫారంలో మాత్రం ‘అత్యవసరం’ గడి దగ్గర టిక్కు ఉంటుంది.

నర్సునే అనడం కూడా అన్యాయం. పై నుంచి కింది దాకా ఇదే తీరు. చిన్న ఆస్పత్రుల నిల్వలే చూడండి. నిల్వ ద్రావణాన్ని బట్టి ఎర్రకణాల ఆయుష్షు 35 నుంచి 42 రోజులు. అప్పుడప్పుడు మాత్రమే ఎమర్జెన్సీ వచ్చే ఆస్పత్రి కూడా ‘ఎందుకైనా మంచిది’ అని అరడజను ఓ నెగెటివ్ యూనిట్లు పెట్టుకుంటుంది. అవి నెలంతా కదలవు. చివరి వారంలో, పారబోస్తే రిజిస్టర్‌లో వృథా కింద పడుతుందన్న భయంతో, ఎవరికో ఒకరికి ఎక్కించేస్తారు. వృథా సున్నా! పై అధికారులు మెచ్చుకుంటారు. ఖాళీ అయిన అరలోకి మళ్లీ అరడజను తెప్పిస్తారు. పారబోయడం కంటే ఎక్కించడం నయమే, కాదనం. అసలు ఆ బ్యాగును చివరి వారం దాకా అక్కడ ఎందుకు మగ్గబెట్టారు? గడువుకు రెండు వారాల ముందే రద్దీగా ఉండే పెద్ద ఆస్పత్రికి పంపితే సరైన రోగికే చేరేది. ఇలా మార్చుకునే పద్ధతి తెలియనిదేమీ కాదు. ఫోను చేసి, ఐసు పెట్టెలో సర్ది, వాహనం పంపాలి. ఆ శ్రమ ఎవరికీ ఇష్టం లేదు. దాతను మాత్రం ఊరు దాటి రమ్మంటారు.

గ్రూపు తెలియని వయోజన పురుషుడికి, 50 దాటిన స్త్రీకి ఎమర్జెన్సీలో ఓ పాజిటివ్ ఇవ్వవచ్చన్నది ఎప్పుడో స్థిరపడిన మాట. రోగి నెగెటివ్ అయితే తర్వాత యాంటీ డీ యాంటీబాడీలు (డీ యాంటిజెన్ ఉన్న కణాలపై దాడి చేసేవి) పుట్టే అవకాశం ఉంది. ఆ ముప్పు ప్రధానంగా ముందు ముందు గర్భం దాల్చాల్సిన వారికి: కడుపులో బిడ్డ పాజిటివ్ అయితే తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తకణాలను విరిచేస్తాయి. అందుకే ఓ నెగెటివ్‌ను బాలికలకు, పిల్లల్ని కనే వయసు స్త్రీలకు, ఓ నెగెటివ్ రోగులకు, ముందే యాంటీ డీ ఉన్నట్టు తెలిసినవారికి అట్టిపెట్టమనేది. అమెరికాలోని రక్తమార్పిడి నిపుణుల సంఘం ఏఏబీబీ 2014లోనే దాదాపు ఇదే మాట సూటిగా చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. అయినా బైకు ప్రమాదంలో వచ్చిన నలభై ఏళ్ల మగవాడికి ముందుగా అందేది ఓ నెగెటివే. ఎమర్జెన్సీ ఫ్రిజ్‌లో వేరేదేమీ పెట్టకపోతే అంతే మరి.

లండన్ ఉదంతం చూస్తే ఈ ద్వంద్వనీతి ఇంకా తేటతెల్లమవుతుంది. 2024 జూన్‌లో అక్కడి పెద్ద ఆస్పత్రులకు పరీక్షలు చేసే సంస్థపై సైబర్ దాడి జరిగింది. రోగుల గ్రూపులు త్వరగా సరిపోల్చే దారి లేక ‘ఓ’ గ్రూపు రక్తం వాడకం ఒక్కసారిగా పెరిగింది. జూలైలో నిల్వలు పడిపోయి హెచ్చరిక జారీ అయింది: ‘ఓ’ గ్రూపు రక్తాన్ని తప్పనిసరి రోగులకే వాడండి, ప్రమాదం లేనిచోట ప్రత్యామ్నాయం ఇవ్వండి. మంచి ఆదేశమే. కొరత వచ్చాక ప్రత్యామ్నాయం ప్రమాదం కానప్పుడు, కొరత రాకముందు మాత్రం ఎలా ప్రమాదమైంది? ఇది లండన్‌కే వేసే ప్రశ్న కాదు. నిల్వలు నిండుగా ఉన్నప్పుడు గాలికొదిలేసి, అడుగంటాక మాత్రమే పాటించే నియమాన్ని నియమం అంటారా?

దాతల సంగతి చూడండి. ఉన్నవాళ్లు కొద్దిమంది కాబట్టి మళ్లీ మళ్లీ అవే ఫోన్ నంబర్లకు మెసేజీలు. ఒకసారి ఇచ్చాక దేశాన్ని బట్టి 8 నుంచి 16 వారాల దాకా మళ్లీ ఇవ్వకూడదు. ఆ విరామం పాటించినా తరచూ ఇచ్చేవారిలో, ముఖ్యంగా మహిళల్లో, ఐరన్ నిల్వలు తరిగిపోతాయి. అంత ఇచ్చుకున్నవాళ్లకు లెక్క చెప్పాల్సిన అవసరం ఉందని ఎందరు ఆస్పత్రి పెద్దలు అనుకుంటున్నారు? అడగడానికి పోస్టర్లు ఉన్నాయి, బ్యానర్లు ఉన్నాయి, సెలెబ్రిటీలు ఉన్నారు. ఖర్చు చెప్పడానికి ఒక్క కాగితం లేదు.

ప్రతి ఆస్పత్రీ నెలనెలా ఒక లెక్క బయటపెట్టాలి: ఎన్ని ఓ నెగెటివ్ యూనిట్లు వాడారు, అందులో ఓ నెగెటివ్ కాని రోగులకు వెళ్లినవెన్ని, ఎందుకు. గ్రూపు తేలిన క్షణం నుంచి ఓ నెగెటివ్ ఆపేసే అధికారం బ్లడ్ బ్యాంక్ సిబ్బందికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈరోజు ల్యాబ్ టెక్నీషియన్ అడ్డు చెబితే సీనియర్ సర్జన్ ఫోనులో గద్దిస్తారు, అంతటితో చర్చ ముగుస్తుంది. ఎమర్జెన్సీ ఫ్రిజ్‌లో ఓ పాజిటివ్‌కు ఒక అర కేటాయించాలి. వీటిలో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఇవేవీ చేయకుండా వచ్చే నెల మళ్లీ ‘దాతలారా కదలండి’ అని పోస్టర్ అంటించే ఆస్పత్రి యాజమాన్యం, పోయిన నెల వచ్చిన రక్తాన్ని ఏం చేసిందో ముందు ఆ పోస్టర్ మీదే రాయాలి.