తాళం ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే ఎందుకు తెలియాలి?

ప్రతి ఇంట్లోనూ వస్తువుల జాడ తెలిసిన మనిషి ఒకరుంటారు. స్కూటర్ తాళం, గ్యాస్ పుస్తకం, బీరువా తాళంచెవి, తాతగారి కళ్ళజోడు, ఏది కనబడకపోయినా కేక ఆ మనిషికే వెళుతుంది. చాలా ఇళ్ళలో అది అమ్మో, భార్యో. పొయ్యి మీద పోపు మాడుతున్నా, ఆఫీసులో పని మధ్యలో ఉన్నా ఆమె జవాబు చెప్పాల్సిందే. చెప్పినందుకు ఎవరూ మెచ్చుకోరు, చెప్పలేకపోతే మాత్రం విసుక్కుంటారు. ఇదీ ఇంటి చాకిరీలో భాగమేనని మనం ఎప్పుడూ లెక్క వేయం.

వస్తువుకు తగిలిస్తే అది ఎక్కడుందో ఫోన్‌లో చూపించే, రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా ఉండే బ్లూటూత్ ట్యాగుల గురించి మన దగ్గర జరిగే మాటలన్నీ దొంగతనం చుట్టూనే తిరుగుతాయి. బండి పోతే దొరుకుతుందా, సూట్‌కేసు ఎత్తుకుపోతే పట్టుకోవచ్చా అనే అడుగుతారు. నా ఉద్దేశంలో ఆ పరికరం అసలు విలువ అక్కడ లేదు. ఒక్కరి దగ్గరే ఉండే వస్తువుకు కన్నా, పదిమంది చేతులు మారే వస్తువుకు అది ఎక్కువ పనికొస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఈ ట్యాగులో సిమ్ ఉండదు, జీపీఎస్ ఉండదు. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0తో, చాలా తక్కువ కరెంటుతో సంకేతాలు పంపే పద్ధతి మొదలైంది. దాని మీదే ఈ పరికరాలన్నీ నడుస్తున్నాయి. ట్యాగ్ తన గుర్తును కొద్ది కొద్ది సేపటికి గాలిలోకి వదులుతూ ఉంటుంది. దగ్గర్లో ఉన్న ఎవరిదో ఫోన్ దాన్ని పట్టుకుని, తానున్న చోటును జతచేసి, రహస్య లిపిలో సర్వర్‌కు పంపుతుంది. దాన్ని విప్పి చదవగలిగేది యజమాని ఫోన్ మాత్రమే. ఫోన్ మోస్తున్న మనిషికి తాను సాయం చేసిన సంగతే తెలియదు. ఒక్క మాటలో చెప్పాలంటే ట్యాగుకు కళ్ళు లేవు, దారిన పోయేవాళ్ళ ఫోన్లే దాని కళ్ళు. యాపిల్ 2021 ఏప్రిల్‌లో ఎయిర్‌ట్యాగ్ తెచ్చి ప్రపంచంలోని ఐఫోన్లన్నింటినీ ఇలా వాడుకుంది. గూగుల్ 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లతో అలాంటి నెట్‌వర్క్‌నే మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు ఫైండ్ హబ్. శామ్‌సంగ్‌ది వేరే దారి, దాని స్మార్ట్‌ట్యాగులు గెలాక్సీ ఫోన్లతోనే పనిచేస్తాయి. జియో కూడా ట్యాగులు అమ్ముతోంది. ఒక రకం యాపిల్ నెట్‌వర్క్‌లో, ఇంకో రకం గూగుల్ నెట్‌వర్క్‌లో పనిచేస్తాయి.

అందుకే విశాఖలో ఒకే ట్యాగ్ ఒక్కో చోట ఒక్కోలా ప్రవర్తిస్తుంది. పూర్ణా మార్కెట్‌లో, జగదాంబ జంక్షన్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో మనుషులకు కొదవ లేదు కాబట్టి దాని జాడ వెంటవెంటనే తెలుస్తుంది. అరకు లోయలో ఊరికి దూరంగా ఉన్న గెస్ట్‌హౌస్‌లో బ్యాగు మర్చిపోతే గంటల తరబడి పాత చోటే చూపించవచ్చు. ఆండ్రాయిడ్ వాడేవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఫోన్ కొన్నప్పుడు ఉండే సెట్టింగ్ ప్రకారం, రద్దీ ఉన్న చోట్ల మాత్రమే ఆ ఫోన్ ఇతరుల ట్యాగుల జాడ చెబుతుంది. ఒంటరిగా వెళుతున్న మనిషి జాడ బయటపడకూడదని గూగుల్ పెట్టిన జాగ్రత్త అది. మంచిదే. కానీ మన దేశంలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే. జనం పలచగా ఉండే పెందుర్తి శివార్లలోనో, భీమిలి దారిలోనో అవి నోరు విప్పకపోతే ట్యాగ్ ఉండీ లేనట్టే. ఫైండ్ హబ్ సెట్టింగుల్లోకి వెళ్ళి అన్ని ప్రాంతాల్లోనూ పనిచేసేలా మార్చుకోవచ్చు. రహస్య లిపి ఎలాగూ ఉంది కాబట్టి, కాలనీలో తలా ఒకరు అలా మార్చుకుంటే పక్కింటివాళ్ళ వస్తువు దొరకడానికి మన ఫోన్ పనికొస్తుంది. ఇరుగుపొరుగుకు ఖర్చు లేకుండా చేయగల సాయాల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు చేతులు మారే వస్తువుల సంగతి. అపార్ట్‌మెంట్ మోటారు గది తాళం తీసుకోండి. పొద్దున్న వాచ్‌మన్ దగ్గర, మధ్యాహ్నం లిఫ్ట్ మెకానిక్ దగ్గర, సాయంత్రం సెక్రటరీ ఇంట్లో, రాత్రి ఎవరి జేబులోనో ఉంటుంది. ట్యాంకులో నీళ్ళు అయిపోయిన రోజునే అది కనబడదు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఎవరికి వాళ్ళు ఇచ్చేశామనే అనుకుంటారు. మూడో అంతస్తులో ఒకరి మీద ఒకరు అరుచుకునే బదులు, ఆ గుత్తికి ఒక ట్యాగ్ వేలాడదీస్తే గొడవ మొదలవకుండానే ఆగిపోతుంది. మేడ మీది గది తాళం, జనరేటర్ గది తాళం, అందరూ వాడుకునే నిచ్చెన, అన్నింటిదీ ఇదే కథ.

విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ ఊళ్ళ నుంచి, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. పేషెంట్ పక్కన ఈ రోజు కొడుకు ఉంటే, రేపు అల్లుడు, ఎల్లుండి చెల్లెలు ఉంటుంది. స్కానింగ్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) పత్రాలు అన్నీ ఒకే గుడ్డసంచిలో ఉంటాయి. ఆ సంచి ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద ఉండిపోయిందా, మందుల కొట్టు దగ్గర మర్చిపోయారా, లేక నైట్ డ్యూటీ చేసి వెళ్ళినవాళ్ళ వెంట ఇంటికి పోయిందా? డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చే వేళకు అది లేకపోతే ఉండే టెన్షన్ ఆస్పత్రిలో తిరిగినవాళ్ళకే తెలుసు. కొన్ని పరీక్షలు మళ్ళీ చేయించుకోవాల్సి వస్తుంది, డబ్బుతో పాటు రోజులు కూడా పోతాయి. పదిహేను వందల లోపు దొరికే ట్యాగుకు ఇంతకన్నా మంచి చోటు నాకు తోచడం లేదు. ఆస్పత్రుల స్వచ్ఛంద సేవకులు కొన్ని ట్యాగులు ఉంచుకుని, చాలాకాలం వైద్యం పొందే కుటుంబాలకు అరువిచ్చినా బాగుంటుంది.

టెంట్ హౌస్‌వాళ్ళ మైకుల పెట్టె, ఇంటింటికీ తిరిగే భజన బృందం హార్మోనియం, ఫిషింగ్ హార్బర్‌లో ఒకరివి ఒకరికి కలిసిపోయే ప్లాస్టిక్ ట్రేల దొంతరలు కూడా ఈ కోవలోవే. అయితే ఇనుప పెట్టె లోపల ట్యాగ్ పెడితే సంకేతం బయటకు రాదు, పిడికి కట్టాలి. సముద్రం దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. ఎయిర్‌ట్యాగుకు ఐపీ67 అని రాసి ఉంటుంది. అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష చేసేది మామూలు నీళ్ళలో, ఉప్పునీళ్ళలో కాదు. మన తీరంలో ఇనుప గేట్లకే తుప్పు ఆగదు, బ్యాటరీ పలక ఎంతకాలం నిలుస్తుంది? రబ్బరు తొడుగు వేసి, అప్పుడప్పుడు తెరిచి తుడవాలి. వేటకు వెళ్ళిన బోటులో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోవద్దు. నడి సముద్రంలో దారిన పోయే ఫోన్లుండవు. అక్కడ కావలసింది ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండరే.

మ్యాప్ సంగతి పక్కన పెడితే, రోజువారీ జీవితంలో ఎక్కువ పనికొచ్చేది ట్యాగ్ చేసే మోత. పది, పదిహేను మీటర్ల లోపు ఉంటే ఇంటర్నెట్ లేకపోయినా ఫోన్ నుంచి దాన్ని మోగించవచ్చు. తాతగారి కళ్ళజోడు డబ్బా, వినికిడి మిషన్ పెట్టె, టీవీ రిమోట్ ఇలా దొరికేస్తాయి. నాకు అన్నింటికన్నా నచ్చిన వాడకం చూపు లేనివాళ్ళది. హాస్టల్ గదిలో ఒకేలాంటి నాలుగు బ్యాగుల్లో తనదేదో, రైలు బోగీలో తన సామాను ఏ బెర్తు కింద ఉందో, సభ ముగిశాక తన చేతికర్రను ఎవరు ఏ మూల నిలబెట్టారో వాళ్ళు మోత విని వెళ్ళి తీసుకోగలరు. ఎవరినీ అడగనక్కర్లేదు. చూపున్నవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం. వాళ్ళకు స్వతంత్రంగా తిరగడంలో భాగం.

సింహాచలం గిరిప్రదక్షిణ దగ్గర లెక్క కాస్త మారుతుంది. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. లక్షల మంది. పెద్దవాళ్ళు తప్పిపోతారనే భయం ప్రతి కుటుంబానికీ ఉంటుంది. చుట్టూ అన్ని ఫోన్లున్నాయి కాబట్టి ట్యాగ్ బ్రహ్మాండంగా పనిచేయాలి అనిపిస్తుంది. కానీ ట్యాగును పట్టుకున్న ఫోన్ ఆ కబురు పంపడానికి డేటా కావాలి. అంత జనంలో టవర్లు ఇరుక్కుపోతే కబురు ఆలస్యంగా వస్తుంది. నడుస్తున్న మనిషి ఈలోగా కిలోమీటరు దాటిపోతాడు. ఎయిర్‌ట్యాగ్ వస్తువులకే గానీ మనుషులకు కాదని యాపిలే చెబుతుంది. అందుకని జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ, ముందే అనుకున్న కలిసే చోటు, ఈ రెండూ ముఖ్యం. ట్యాగ్ వాటికి తోడు మాత్రమే. మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్ళకైతే సిమ్‌తో పనిచేసే జీపీఎస్ వాచీ మేలు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద వెళ్ళిపోయిన పెద్దాయన పక్కన ఫోన్ పట్టుకున్న మనిషి ఉంటాడన్న నమ్మకం లేదు. ఏది పెట్టినా ఆయనకు చెప్పి పెట్టాలి. అర్థం చేసుకునే దశలో ఉండగానే అడగాలి.

దొంగతనం విషయానికి వస్తే, ట్యాగ్ అక్కడ ఎందుకు బలహీనమో స్పష్టంగా చెప్పుకోవాలి. తనది కాని ట్యాగ్ ఒకటి తన వెంటే కదులుతుంటే ఐఫోన్ ఆ మనిషిని హెచ్చరిస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ 2023 నుంచి ఎయిర్‌ట్యాగుల గురించి ఆ హెచ్చరిక వస్తోంది. యాపిల్, గూగుల్ కలిసి తయారుచేసిన ప్రమాణం 2024 మేలో రెండు రకాల ఫోన్లలోనూ అమల్లోకి వచ్చింది. యజమానికి దూరమైన ఎయిర్‌ట్యాగ్ కొన్ని గంటల తర్వాత కదిలితే తనంతట తానే కూతపెడుతుంది. అంటే బండి ఎత్తుకెళ్ళినవాడికీ కబురు అందుతుంది, సీటు కింద వెతికి పారేస్తాడు. ఈ హెచ్చరికలు తీసేయాలని అడిగేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఒక ఆడపిల్ల హ్యాండ్‌బ్యాగులో ఎవడో ట్యాగ్ వేసి, ఆమె హాస్టల్ ఎక్కడో, ఆఫీసు నుంచి ఎన్నింటికి వస్తుందో తెలుసుకుంటే జరిగే హాని ముందు స్కూటర్ పోవడం ఏ మూలకు? వద్దని స్పష్టంగా చెప్పినా స్త్రీ వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు జైలు పడుతుంది. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలు ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో భద్రత విభాగం తెరిచి, తెలియని ట్రాకర్ల కోసం ఒకసారి వెతికించుకోవడం నేర్చుకోవాలి. అనుమానం ఉంటే 112కు ఫోన్ చేయాలి. కూతురి బ్యాగులో చెప్పకుండా ట్యాగ్ పెట్టే తల్లిదండ్రులకూ ఒక మాట. ఆమె ఫోనే ఆమెకు ఆ సంగతి చెప్పేస్తుంది. ఆ తర్వాత ఆమె మీతో ఏదీ చెప్పదు.

కొనే ముందు చూసుకోవలసింది ధర కాదు, ఫోన్లు. నాన్నకు ఐఫోన్, మిగతా అందరికీ ఆండ్రాయిడ్ ఉన్న ఇంట్లో ఎయిర్‌ట్యాగ్ కొంటే ఆ తాళం జాడ నాన్నకే తెలుస్తుంది. డబ్బు పెట్టేవాళ్ళ ఫోన్‌కు కాదు, వెతికేవాళ్ళ ఫోన్లకు సరిపడేది కొనాలి. బజారులో రెండు నెట్‌వర్క్‌లకూ పనికొచ్చే ట్యాగులున్నా, ఒకసారికి ఒకదానితోనే జోడించాలి. ఎయిర్‌ట్యాగును ఇంకో ఐదుగురితో పంచుకోవచ్చు, గూగుల్ నెట్‌వర్క్ ట్యాగులనూ ఇంట్లోవాళ్ళతో పంచుకోవచ్చు. ఈ పంచుకోవడం దగ్గరే అమ్మ మీది భారం నిజంగా తగ్గుతుంది. పిల్లాడు తన ఫోన్‌లో తానే చూసుకుంటాడు.

చాలా ట్యాగుల్లో ఉండేది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ, సుమారు ఏడాది వస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని విషంతో సమానంగా చూడాలి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. తీసిన పాత బ్యాటరీని కూడా టేపు చుట్టి పిల్లలకు అందని చోట పెట్టాలి.

అపార్ట్‌మెంట్ సంఘాలు చేయాల్సిన పని ఇంకొకటుంది. ట్యాగ్ ఎవరో ఒకరి ఖాతాకే కట్టుబడి ఉంటుంది. పాత సెక్రటరీ తన ఫోన్‌లోంచి తొలగించకపోతే కొత్త సెక్రటరీ ఎయిర్‌ట్యాగును తన ఫోన్‌కు జోడించుకోలేరు. పైగా గుత్తి ఎటు వెళుతోందో పాతాయనకే తెలుస్తూ ఉంటుంది. కాబట్టి బాధ్యతలు అప్పగించే రోజు జమాఖర్చుల పుస్తకం, బ్యాంకు చెక్కుల పుస్తకంతో పాటు మోటారు గది తాళం ట్యాగును కూడా అందరి ముందూ పాత ఖాతాలోంచి తీసి, కొత్త ఖాతాకు జోడించి, ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి.