సవరణ: ఆ పాన్‌కేక్‌లో గుడ్డు ఉంటుంది

మొన్న మన కడప కారం దోశ గురించి రాస్తూ, రీల్స్‌లో ప్లేటు కదిపితే ఊగే మెత్తటి పాన్‌కేక్ కూడా దోశలాగే పులిసిన పిండితో పొంగుతుందని, గుడ్డు పడదని రాశాను. రెండూ తప్పు. అది జపాన్‌లో పేరుపడ్డ సూఫ్లే పాన్‌కేక్. గుడ్డు తెల్లసొనలో చక్కెర వేసి గట్టి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, పచ్చసొన, పాలు, మైదా కలిపిన పిండిలో మెల్లగా కలుపుతారు. మూతపెట్టి సన్నసెగ మీద కాలుస్తారు. నురగలోని గాలి వేడికి ఉబ్బబట్టే అంత ఎత్తు. మామూలు అమెరికా పాన్‌కేక్ బేకింగ్ పౌడర్‌తో పొంగుతుంది, అందులోనూ సాధారణంగా గుడ్డు ఉంటుంది. మన పిండిని రాత్రంతా పులియబెట్టే బ్యాక్టీరియాకు అక్కడ పని లేదు.

గుడ్డు ముట్టని ఇళ్లు మన ఊర్లో చాలానే ఉన్నాయి. నా మాట నమ్మి ఎవరైనా పిల్లలకు తెప్పించి ఉంటే మన్నించండి. ఈ ఒక్క తప్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పైన పోసేది తేనె అన్నాను, చాలా వీడియోల్లో అది మేపుల్ సిరప్. సుమారు 40 లీటర్ల మేపుల్ చెట్టు రసం మరిగిస్తే ఒక్క లీటరు వస్తుంది. చిట్టి పాన్‌కేక్‌లను గిన్నెలో వేసుకుని చెంచాతో తినే టిక్‌టాక్ వేలంవెర్రి 2020 నాటిది, 2018 కాదు.

ఎర్రకారం, పప్పుల పొడి గురించి రాసిందాంట్లో మార్పేమీ లేదు.