స్టాప్‌వాచ్ గారికి, బెజవాడ నుంచి

అయ్యా స్టాప్‌వాచ్ గారూ,

నమస్కారం. మా అమ్మాయి కోచ్ గారి మెడలో నల్లతాడుకి వేలాడుతూ రోజూ పొద్దున్నే ఐదున్నరకి కనిపిస్తూనే ఉంటారు గానీ, ఎదురుగా అడిగే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

అసలు మీరు ఉండాల్సిన ఊరు కాదండీ ఇది. ఇక్కడ "బెంజి సర్కిల్ దాటేశా, ఐదు నిమిషాల్లో ఉంటా" అని ఫోన్‌లో చెప్పేవాడు అప్పుడే తలకి నూనె రాసుకుంటూ ఉంటాడు. స్పోర్ట్స్ డే పదింటికని కార్డు వేస్తే ముఖ్య అతిథి పన్నెండున్నరకి వస్తారు, అప్పటిదాకా పిల్లలు ఎండలో వరసకట్టి నిలబడతారు, ఆ రెండున్నర గంటలు మీ లెక్కలోకి రావు. అదే పిల్ల సెకనులో నూరో వంతు ఆలస్యమైతే మాత్రం ఎక్కడలేని పట్టింపూ మీకే.

పాత గొడవ ఒకటి తీస్తున్నాను, ఏమీ అనుకోకండి. 1984, లాస్ ఏంజెలెస్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 400 మీటర్ల హర్డిల్స్ పెట్టడం అదే మొదలు. రొమేనియా అమ్మాయి కొజొకారు 55.41, మన పి.టి. ఉష 55.42. కంచు ఆవిడకి, నాలుగో స్థానం ఈవిడకి. ఆ వేగంలో నూరో వంతంటే ఏడు సెంటీమీటర్లు, సుమారు నా చూపుడువేలంత. పది హర్డిల్స్ దాటొచ్చి వేలెడు దూరంలో పతకం పోవడం! గీత దగ్గర ఛాతీ ఇంకాస్త ముందుకు వంచాల్సిందని టీ కొట్టు దగ్గర ఇప్పటికీ తేల్చేసేవాళ్లున్నారు, వాళ్లు కదిలిపోతున్న బస్సు కోసం కూడా పరిగెత్తరు.

"అది నేను కాదు, ఫోటో ఫినిష్ కెమెరా" అంటారు. సరే, ఆ తీర్పు మీ పెద్దన్నదే. మీ సంగతి ఇంకా అన్యాయం. బొటనవేలు నొక్కితే గానీ కదలరు, ఆ వేలు కదిలేలోపే దాదాపు పావు సెకను పోతుంది. అందుకే పొట్టి పరుగుల్లో చేత్తో తీసిన టైమ్‌కి 0.24 కలిపి గానీ ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చరు. మీరు చూపించే నూరో వంతు అంకెనైతే రూల్స్ ప్రకారమే లెక్కలోంచి తీసేసి పై పదో వంతుకి సర్దేస్తారు. ఇదంతా తెలిసి కూడా మా పిల్లకి నిన్న 13.44, ఇవాళ 13.47 చూపించి, అది రాత్రి అన్నం మానేసి పడుకునేలా చేశారే, సెకనులో మూడు నూరో వంతుల తేడాకి!

నాకు అంతుపట్టనిది ఉష సంగతే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు బంగారాలు, ఒక వెండి తెచ్చుకున్న మనిషి, పరుగు మానేశాక హాయిగా మిమ్మల్ని మర్చిపోవచ్చు కదా. నేనైతే బ్యారేజీ మీద నుంచి కృష్ణలోకి విసిరేసేదాన్ని. ఆవిడ 2002లో కేరళలో స్కూల్ పెట్టి, మళ్లీ మిమ్మల్నే చేతపట్టుకుంది, వేరేవాళ్ల పిల్లల కోసం. అక్కడ తయారైన టింటు లూకా 2010లో 800 మీటర్లు 1:59.17లో పరిగెత్తి, 1995 నుంచి షైనీ విల్సన్ పేరున ఉన్న జాతీయ రికార్డు తీసేసింది. ఆ రెండు నిమిషాల లోపు పరుగు వెనక గురువుగారు ట్రాక్ పక్కన ఎన్నేళ్లు నిలబడిందో చూపించే బటన్ మీకు ఉందా?

మా ఊళ్లో కోచ్‌ల కష్టం వేరే. "అమ్మాయిని కోచింగ్‌కి పంపిస్తున్నా" అంటే "ఎంసెట్టా, నీటా?" అంటారు. పరుగుకి అంటే, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదన్నట్టు గొంతు తగ్గించి, "టెన్త్‌కి వచ్చింది కదమ్మా, ఇంకా ఎందుకు?" అని అడుగుతారు. మా కోచ్ గారూ ఒకప్పుడు రాష్ట్రస్థాయిలో పరిగెత్తినవారే. ఇప్పుడు ఎనిమిదింటిదాకా పిల్లల్ని పరిగెత్తించి, తర్వాత ఆయన డ్యూటీకి ఆయన పరిగెత్తుతారు, ఆ పరుగుకి టైమ్ తీసేవాళ్లు లేరు.

ఇంకొక్కటి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విత్యా రామ్‌రాజ్ అదే 400 హర్డిల్స్ హీట్‌లో, అంటే ఫైనల్‌కి ముందు పెట్టే తొలి పరుగులో, ఉష జాతీయ రికార్డు దాకా వచ్చింది. 39 ఏళ్లు ఆగి మీ వాళ్లు వేసిన అంకె ఎంతండీ? మళ్లీ 55.42! ఒక్క నూరో వంతు తగ్గించడానికి చేతులు రాలేదా?

రేపు మా అమ్మాయికి 200 మీటర్ల ట్రయల్ ఉంది. మీ బ్యాటరీ మూత ఎటు తిప్పితే ఊడుతుందో చూసి పెట్టుకున్నాను.

ఇట్లు,
పటమట నుంచి తువ్వాలు, రెండు నీళ్ల సీసాలు మోసుకొచ్చి గట్టు మీద కూర్చునే అమ్మ