స్నేహం ధర రెండు లెవల్స్

ఏ విద్యాసంస్థ గొప్పదో తేల్చడానికి మన దగ్గర నాలుగు రోడ్ల కూడలిలో పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు కడతారు. ఎంత దుబారా! జపాన్‌లోని అయోహారు నగరంలో ఈ ఖర్చే లేదు. పిల్లలే నడివీధిలో కొట్టుకుని తేల్చుకుంటారు. మూడు రౌండ్లలో రెండు గెలిస్తే అదే ఫస్ట్ ర్యాంకు. ఊరు కల్పితమే గానీ, గేముల కంపెనీ క్యాప్‌కామ్ 1997లో ఆర్కేడ్‌లోకి దింపిన ‘రైవల్ స్కూల్స్’ అనే కొట్లాట వీడియో గేమ్‌ను మన విద్యావేత్తలు ఇంతవరకు అధ్యయనం చేయకపోవడం శోచనీయం.

ముందుగా తనిఖీ నివేదిక. గోరిన్ హైలో షోమా బేస్‌బాల్ బ్యాటుతో, నత్సు వాలీబాల్‌తో, రాబర్టో ఫుట్‌బాల్‌తో జనాన్ని చితకబాదుతారు. ఆటల పీరియడ్‌ను లెక్కల సారు లాగేసుకోని బడి బహుశా ఇదొక్కటే. గెడో హై రౌడీలది. అక్కడి ఎడ్జ్ బ్యాగులో పెన్నులున్నాయో లేదో చెప్పలేం గానీ కత్తులకు కొదవలేదు. పసిఫిక్ హైలో అమెరికా పిల్లలు. కథానాయకుడు బాట్సు చేరింది తైయో హైలో. ఇక జస్టిస్ హై అంటే ఘనత వహించిన సంస్థ. దాని ప్రిన్సిపాల్ రైజో ఇమవానో హయాంలో పక్క బడుల పిల్లలు మాయమవుతుంటారు. పక్క కాలేజీ తెలివైన పిల్లలను మనవాళ్లు ఫీజు రాయితీ ఇచ్చి ఎత్తుకొస్తారు. రైజో గారు ఆ రాయితీ కూడా మిగుల్చుకున్నారు.

ఇంతకీ ఇక్కడి అసలు పాఠ్యాంశం స్నేహం. ఇద్దరిని ఎంచుకుంటాం, కానీ బరిలో ఉండేది ఒక్కరే. రెండోవాడు పిలిస్తే వస్తాడు, ఊరికే రాడు. ఒకే బలమున్న పంచ్, కిక్ కలిపి నొక్కాలి, తెరమీది శక్తి మీటర్లోంచి రెండు లెవల్స్ సమర్పించుకోవాలి. దీన్నే టీమ్ అప్ అంటారు. మీటరు తొమ్మిది దాకా నిండుతుంది. బర్నింగ్ విగర్ అనే సూపర్ దెబ్బకు ఒక్కటి చాలు. అంటే నిండు మీటరుతో నాలుగుసార్లు స్నేహితుణ్ణి పిలిచి, చివరికో సూపర్ వేయొచ్చు. లేదా ఎవరి మొహమూ చూడకుండా తొమ్మిది సూపర్లు వేసుకోవచ్చు. స్నేహం విలువను ఇంత కచ్చితంగా కొలిచిన నైతిక విద్య పుస్తకం మనకు లేదు.

కొత్త విద్యార్థులు ఫెయిలయ్యేది ఇక్కడే. రెండు లెవల్స్ కనబడగానే నేస్తాన్ని కేకేస్తారు. ఎదుటివాడు తాపీగా స్టిక్ వెనక్కి పట్టి దెబ్బలు కాచుకుంటూ, అంటే బ్లాక్ చేస్తూ ఉంటాడు. మిత్రుడు వచ్చీ రాగానే ఖాళీ చేతులతో వెనుదిరుగుతాడు, రెండూ గోవిందా. ప్రత్యర్థి ఏదో పెద్ద దెబ్బ గాల్లోకి విసిరి, చెయ్యి వెనక్కి తీసుకునేలోపు పిలవాలి. ఇక పిసినారుల సంగతి వేరు. రేపటికని దాచి దాచి, తొమ్మిదీ జేబులో ఉండగానే నేలకరుస్తారు. అన్నట్టు, పిలిచిన ప్రతివాడూ కొట్టడానికే రాడు. జస్టిస్ హై నర్సమ్మ క్యోకో వస్తే మన మనిషి నడుం పట్టి విరిచి, పోయిన ప్రాణం కొంత తిరిగి పోస్తుంది.

ఆలస్యంగా వచ్చిన పిల్లలను మన బడుల్లో గేటు బయట నిలబెడతారు. ఇక్కడ ఆలస్యానికే ఒక విద్య ఉంది, పేరు టార్డీ కౌంటర్. దెబ్బను బ్లాక్ చేస్తూనే, స్టిక్ తిప్పి వేసే ప్రత్యేక దెబ్బ ‘స్పెషల్’తో తిరగబడటం. చాలామంది ఆత్రంకొద్దీ దెబ్బ తగలకముందే స్టిక్‌ను కింద, కింద-ముందు, ముందు తిప్పేస్తారు. స్టిక్ ముందుకు వెళ్లిన మరుక్షణం వెనక్కి పట్టిన కాపలా ఊడిపోతుంది, దెబ్బ మొహాన పడుతుంది. తగిలిన చప్పుడు విన్నాకే తిప్పాలి. కాస్త ఆలస్యం చేసినవాడే పాసవుతాడు.

1998లో ఈ ఆట ప్లేస్టేషన్‌కు రెండు డిస్కులుగా వచ్చింది. జపాన్ వారికి అందులో మన సొంత విద్యార్థిని తయారుచేసుకుని బడికి పంపి, స్నేహాలు చేయించే భాగం ఉంది. అనువదించాల్సిన సంభాషణలు కొండంత. విదేశాల దాకా వచ్చేసరికి ఆ భాగం ఎగిరిపోయింది. బడి జీవితాన్ని స్వదేశంలో అట్టేపెట్టుకుని కొట్లాటను ఎగుమతి చేశారన్నమాట. సిలబస్ తగ్గింపు అంటే ఇదీ! మన బోర్డులు అధ్యాయాల చివర ఏవో నాలుగు పేరాలు కొట్టేసి సంబరపడతాయి.

2000లో వచ్చిన రెండో భాగం ‘ప్రాజెక్ట్ జస్టిస్’లో సెక్షన్ బలం ముగ్గురికి పెంచారు, మీటరును మాత్రం తొమ్మిది నుంచి అయిదుకు కోసేశారు. పిల్లలు పెరిగితే నిధులు తగ్గుతాయని క్యాప్‌కామ్‌కు ఎవరు చెప్పారో! ముగ్గురూ కలిసి వేసే పార్టీ అప్‌కు ఆ అయిదూ ఊడ్చుకుపోతాయి. పైగా మనం నేస్తాన్ని పిలిస్తే అవతలివాడూ తన మనిషిని మధ్యలోకి తోయొచ్చు. అప్పుడు కొన్ని క్షణాల చిన్న పోటీ. ముందు ఎవరి దెబ్బ తగిలితే వారిదే మాట. మనది తగిలితే టీమ్ అప్ సాగుతుంది, లేదంటే పిలిచిన ఖర్చు మనకు, వచ్చిన అవమానం నేస్తానికి.