మారుపేర్ల ఉచ్చారణ శాస్త్రం, తిరుపతి శాఖ

తిరుపతిలో గుట్టుగా బతకదలచిన మనిషికి సొంత పేరును మించిన మరుగు లేదు. గాంధీ రోడ్డులో నిలబడి "వెంకటేశూ" అని గట్టిగా పిలిస్తే సగం మంది వెనక్కి తిరుగుతారు. "శ్రీనివాసులూ" అంటే మిగిలిన సగం తిరుగుతారు. రెండింటికీ తిరగనివారు మునిరత్నమో మునెమ్మో అయి ఉంటారు. తల్లిదండ్రులు పుట్టినప్పుడే ఇంత పకడ్బందీగా సమకూర్చిన అజ్ఞాతవాసాన్ని కాదని, మన యువతీయువకులు ఎవరికీ తెలియకుండా ఉండాలన్న కోరికతో సామాజిక మాధ్యమాలలో మారుపేర్లు పెట్టుకుంటున్నారు. వాటిని ఎలా పలకాలో, వాటి అర్థమేమిటో విచారించే భారాన్ని ఇంతవరకు ఏ పండిత పరిషత్తూ స్వీకరించలేదు గనుక ఈ వ్యాసం స్వీకరిస్తున్నది.

ముందుగా ఒక నమూనాను పరిశీలిద్దాము. "ఇట్స్‌మీ_రాయల్_సీమ_ఏపీ03_99_143". ఈ నామధేయాన్ని ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే, ఇన్‌స్టాగ్రామ్ అనుమతించే 30 గుర్తులలో 29 ఖర్చవుతాయి. "ఇట్స్‌మీ" అనగా "నేనే" అని అర్థం; ఎవరో చెప్పకుండా నేనే అనడం అజ్ఞాతానికి శుభారంభమే. అయితే ఆ తర్వాత సంయమనం సడలింది. "సీమ" అనగానే ప్రాంతం తెలిసిపోయింది. "రాయల్" అనేది వంశగౌరవమో, వాయిదాల మీద కొన్న ఎన్‌ఫీల్డ్ బండో వ్యాఖ్యాతలు తేల్చుకోవాలి. "ఏపీ03" చిత్తూరు జిల్లా వాహనాల పాత సంకేతం. 2019లో జిల్లాల సంకేతాలు పోయి రాష్ట్రమంతటికీ కలిపి 39 వచ్చింది కాబట్టి, ఇతని ఇంట్లో అంతకుముందే ఒక బండి ఉన్నదని ఊహించవచ్చు. 99 పుట్టిన సంవత్సరం. ఇక 143 సంగతి తెలుగు దేశంలో తెలియనివారు లేరు. ఇంగ్లీషు ప్రేమవాక్యంలోని మూడు మాటలకు వరుసగా ఎన్నెన్ని అక్షరాలో చెప్పే అంకె అది. మిగిలిన ఒక్క చోటును ఆ అమ్మాయి పేరులోని తొలి అక్షరం కోసం ఖాళీగా ఉంచాడని, ఆమె ఇంకా ఒప్పుకోలేదని దీనినిబట్టి గ్రహించాలి. ఇన్ని వివరాలు రేషను కార్డులో కూడా దొరకవు. పైగా 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినందున, పాపం, ఈ తిరుపతి యువకుడు ప్రస్తుతం తన మారుపేరుకు పొరుగు జిల్లాలో నివసిస్తున్నాడు.

అర్థం ఇలా విప్పి చెప్పవచ్చును గానీ, ఉచ్చారణ దగ్గరే అసలు చిక్కు. కంప్యూటర్లలో ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఇటువంటి ఖాతాల పేర్ల గడి నేటికీ ఇంగ్లీషు అక్షరాలనే అడుగుతుంది. హ్రస్వదీర్ఘాల తేడా, ల ళ ల తేడా, ద డ ల తేడా ఆ అక్షరాలకు పట్టవు. మన ఊరి పేరే ఒక బోర్డు మీద హెచ్‌తో, పక్క బోర్డు మీద హెచ్ లేకుండా కనిపిస్తున్నప్పుడు పిల్లలను తప్పుపట్టి ప్రయోజనం లేదు. జి, ఏ, ఎన్, డి, ఏ, ఎం అని పెట్టుకున్న ఒక యువతి ఉద్దేశించినది గంధమట. సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆ పేరు వెతికిన పెళ్లికొడుకు మేనత్త చదివినది గండమట. అండర్‌స్కోరును పలకాలా, అక్కడ కాసేపు ఊరుకోవాలా అన్న విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఏళ్ల తరబడి రాతలోనే పలకరించుకున్న ఇద్దరు స్నేహితులు బస్టాండు ఎదుట శ్రీనివాసం సముదాయం దగ్గర, యాత్రికుల గుంపులో ఒకరినొకరు వెతుక్కోవలసి వచ్చిందనుకోండి. "డార్క్ అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ డెవిల్ అన్నా" అని గోవింద నామస్మరణ నడుమ కేక వేయడానికి ఎవరికి నోరు వస్తుంది?

పొడవు విషయంలో పూర్వులు మరీ కఠినులు. ఫిన్లాండుకు చెందిన యార్కో ఓయికారినెన్ 1988లో సృష్టించిన ఐఆర్‌సీ అనే సంభాషణా వ్యవస్థకు 1993లో రాసిన నియమావళి, మారుపేరుకు 9 అక్షరాలకు మించి ఇవ్వలేదు. ఇంగ్లీషులో 13 అక్షరాలు పట్టే మన వెంకటరమణ అక్కడికి వెళితే "వెంకటర"గా తిరిగి వచ్చేవాడు. ట్విట్టర్, అనగా నేటి ఎక్స్, 15 ఇచ్చింది. శ్రీవేంకటేశ్వర అని మన విశ్వవిద్యాలయం రాసుకునే వర్ణక్రమంలో రాస్తే సరిగ్గా 15 అవుతాయి. స్వామివారికి చోటు సరిపోయింది. వెనుక ప్రసాదో రెడ్డో తగిలించుకోవలసిన భక్తుడికే మిగలలేదు.

మారువేషం మనకు కొత్త కాదని ఎవరైనా వాదించవచ్చు. నిజమే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టి, ఎదుటివారిని బూతులు తిట్టడం అనాదిగా వస్తున్న ఆచారమే. నేటి అంతర్జాల వ్యాఖ్యాతలు దానినే ఏడాది పొడవునా భక్తి లేకుండా ఆచరిస్తున్నారు. కానీ స్థలపురాణాన్ని జాగ్రత్తగా వినాలి. గంగమ్మ వేషాలు కట్టినది తాను దాక్కోవడానికి కాదు, తనకు భయపడి దాక్కున్న దుష్టుడైన పాలెగాడిని బయటికి రప్పించడానికి. దొర వేషం చూసి వాడు బయటపడ్డాడు, తల పోగొట్టుకున్నాడు. మనవాళ్లు వేషమూ తామే కట్టి, బయటికీ తామే వస్తున్నారు. అమ్మవారికి ఇంతటి శ్రమ తప్పించిన తరం మరొకటి లేదు.

అసలు ఈ ఊళ్లో మారుపేరు వాడుకోవడం తెలిసినవాడు అన్నమయ్య (1408–1503). వేలాది సంకీర్తనలకు తన పేరు కాక స్వామి పేరే ముద్రగా వేశాడు; దానిలో ఊరు లేదు, బండి లేదు, అండర్‌స్కోరు లేదు, పలకడానికి ఎవరికీ తడబాటు లేదు. అయితే ఆయన ఈనాడు ఖాతా తెరవబోతే, "వెంకటేశ" అనే పేరు ఇదివరకే ఎవరో తీసుకున్నారని గడి ఎర్రబడేది. ఆ కిందనే, పుట్టిన సంవత్సరం చేర్చి "వెంకటేశ1408" తీసుకోవచ్చునన్న సలహా ఆకుపచ్చ రంగులో కనిపించేది.