20 డాలర్ల ఊరు

కెన్యాలోని వన్యప్రాణుల అభయారణ్యం మసాయ్ మారా వెళ్లొచ్చిన మనవాళ్లందరి ఫోనుల్లోనూ ఒకే ఫొటో ఉంటుంది. ఎర్ర దుప్పటి కప్పుకున్న, పశువుల కాపరులైన మసాయ్ తెగకు చెందిన సన్నటి మనిషి గాల్లోకి ఎగురుతుంటాడు. పక్కన మనవాళ్లు తామూ ఎగరబోయి, సిగ్గుపడి నవ్వుతుంటారు. నా ఫోనులోనూ ఉంది, కాదనను.

తలకు 20 డాలర్లు తీసుకుని మమ్మల్ని ఒక మసాయ్ ఊళ్లోకి పంపారు. పేడతో మెత్తిన ఇంట్లో వంగి కూర్చుంటే పొగకు కళ్లు మండాయి. ఆ ఇళ్లు కట్టేది ఆడవాళ్లేనట. తర్వాత ఒక కుర్రాడు చెక్కముక్క మీద పుల్లను చేతుల మధ్య గిరగిరా తిప్పి, ఎండు పేడలో నిప్పు పుట్టించాడు. మేం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగకముందే అతను దుప్పటి మడతలోంచి ఫోను తీసి సందేశాలు చూసుకున్నాడు. నాకు అతనప్పుడే బాగా నచ్చాడు. మేమిచ్చిన డబ్బులో సగానికి పైగా బండి డ్రైవరుకే పోతుందని చెప్పింది కూడా అతనే. ఎందుకిస్తారు అని అడిగాను. ఇవ్వకపోతే రేపటి బండి పక్క ఊరికి పోతుంది అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే, మా ప్యాకేజీ కాగితంలో ఈ తతంగం పేరు ‘స్థానిక సమాజానికి చేయూత’. అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఆఫ్రికా పల్లెలకు పర్యాటకం బతుకుతెరువు కాదని నేననడం లేదు. అదే మారా అంచున వేరే ఏర్పాటు కూడా ఉంది. మసాయ్ కుటుంబాలు తమ పట్టా భూముల్ని కలిపి కన్సర్వెన్సీగా, అంటే వన్యప్రాణులకు చోటిచ్చే ఉమ్మడి నేలగా చేసి, టూరిస్టులు బస చేసే సఫారీ క్యాంపులకు కౌలుకిస్తాయి. 2010లో మొదలైన నబోయిషో కన్సర్వెన్సీలో ఇలా 500కు పైగా భూయజమానులు, సుమారు 50,000 ఎకరాలు. కౌలు ఎకరానికి ఇంత అని ముందే ఖరారవుతుంది, టూరిస్టులు వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. కౌలురైతు కష్టాలు చూస్తూ పెరిగిన నాకు ఇది భలేగా అనిపించింది: భూమి పశువుల కాపరిది, కౌలుదారు డబ్బున్న క్యాంపువాడు! అయినా మురిసిపోవాల్సింది అంత లేదు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉన్నాయి కాబట్టి ఇల్లు కట్టిన ఆవిడ చేతికి కౌలు నేరుగా రాదు. మేతకు ఆంక్షలుంటాయి, కరువు ఏడాదిలో అవి ఎంత గట్టిగా తగులుతాయో పశువులున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2020లో విమానాలు ఆగినప్పుడు ఆ ఖరారైన కౌలుకూ కోత పడింది.

నమీబియాలో ఇంకో దారి. ఉమ్మడి భూములు ప్రభుత్వానివే, కానీ 1996 చట్టంతో వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద హక్కు ఊరివాళ్లకు దక్కింది. 1998లో నాలుగు కన్సర్వెన్సీలతో మొదలై ఇప్పుడు 86 అయ్యాయి. వాటిలో ఒకటైన ఖోఆది హోఆస్ పేరుకు అర్థం ‘ఏనుగుల మూల’. గ్రూట్‌బర్గ్ కొండ అంచున 2005లో తెరిచిన లాడ్జి పూర్తిగా ఆ కన్సర్వెన్సీ సొంతం. మనం ఏనుగును చూడటానికి డబ్బు కడతాం, వాళ్ల ట్యాంకులూ పైపులూ విరగ్గొట్టేది ఆ ఏనుగే. లాడ్జి లాభం ఆ ఊరివాళ్లకే రాకపోతే ఏనుగును ఎందుకు భరించాలి?

టాంజానియా సంగతి తలచుకుంటే నోరు చేదవుతుంది. 2022 జూన్‌లో అక్కడ మసాయ్‌లుండే లోలియోండో ప్రాంతంలో 1,500 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణుల కోసమంటూ హద్దురాళ్లు పాతి వేరుచేశారు. అడ్డుపడిన మసాయ్‌లు దెబ్బలు తిని సరిహద్దు దాటి కెన్యాలోకి పారిపోయారు. ఎగిరే మసాయ్ బొమ్మ మాత్రం పర్యాటక కరపత్రాల మీద అలాగే ఉంది.

మొన్న మా బంధువులు కెన్యా వెళ్తామంటే ఏజెంటుకు నేనే ఫోను చేశాను. క్యాంపు ఉన్న నేల ఎవరిది, కౌలు ఎవరికి కడుతున్నారు అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు.

“శాకాహార భోజనం గ్యారంటీ అండి” అన్నాడు.